సిపాయి తాత పేరు ఏ కట్టలో వుంది?

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ యుద్ధం తాలూకు చివరి పింఛను 2020లో ఆగింది. మధ్యన 155 ఏళ్లు! నమ్మశక్యంగా లేదు గదూ? కాని నిజమే. 1846లో పుట్టిన ఒక కుర్రవాడు ముందు బానిసల యజమానుల సైన్యంలో చేరాడు. దాన్ని విడిచి పారిపోయి, తర్వాత ప్రభుత్వ సైన్యంలో చేరాడు. ముసలితనంలో మళ్లీ పెళ్లాడాడు. 1930లో ఆయనకో కూతురు పుట్టింది. 1938లో ఆయన పోయాడు. తండ్రి సేవకు గాను ఆ కూతురికి నెలకు 73 డాలర్ల 13 సెంట్లు ప్రభుత్వం చెల్లిస్తూ వచ్చింది. నార్త్ కరొలైనా రాష్ట్రంలో 2020 మే 31న, తన 90వ యేట, ఆమె కన్నుమూసింది. ఆనాటితో ఖాతా మూసేశారు.

ఖాతా మూసేశారు గాని, ఆ పింఛన్ల దస్త్రాలు మాత్రం యీనాటికీ తెరుచుకుంటూనే వున్నాయి. వాషింగ్టన్‌లోని జాతీయ దస్త్రాల భాండాగారంలో పాత కాగితాల కట్టలు విప్పి, తమ తాతల తాతల పేర్లు వెతుక్కుంటున్న వాళ్లు వేలమంది. అందులో నల్లజాతి ప్రజల వెతుకులాట వేరు. మిగతావారు తాత చేసిన యుద్ధం గురించి వెతుకుతారు. వీళ్లు అసలు తాత అనేవాడు ఒకడున్నాడని రుజువు కోసం వెతుకుతారు.

రైతుల శీర్షికలో యీ సంగతి ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ సిపాయీలు ఎవరనుకున్నారు? వరి మడుల్లో మోకాటి లోతు బురదలో కలుపు తీసినవాళ్లు. పత్తి చేలల్లో వేళ్లు చీరుకుపోయేలా పత్తి ఏరినవాళ్లు. దున్నేవాడికి భూమి అనే మాట వాళ్లు కూడా అన్నారు. భూమి చేతికి వచ్చినట్టే వచ్చి పోవడం వాళ్లూ చూశారు. అందుకే యిది మన శీర్షికలో రాయదగిన సంగతేనని మేము అనుకున్నాం.

పార బట్టిన చేత తుపాకి

అబ్రహాం లింకన్ విమోచన ప్రకటన 1863 జనవరి 1న వెలువడింది. అదే యేడు మే 22న నల్లజాతి దళాల కోసం యుద్ధ శాఖ ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,79,000 మంది నల్లజాతి వారు ప్రభుత్వ సైన్యంలో పనిచేశారు. నౌకాదళంలో మరో 19,000 మంది. వీరిలో అత్యధికులు నిన్నటిదాకా బానిసలే. సుమారు 40,000 మంది చనిపోయారు. అందులో తూటా దెబ్బకు పోయినవాళ్లు తక్కువ. ముప్పాతిక వంతు రోగాలకే పోయారు.

ప్రాణం ఒకటే అయినా జీతం ఒకటి కాదు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులోనూ బట్టలకని 3 డాలర్లు కోత. చేతికొచ్చేది 7 డాలర్లు. మసాచుసెట్స్ 54వ దళం వారు యీ తక్కువ జీతం మాకొద్దని ఏడాదిన్నర పాటు అసలు జీతమే ముట్టలేదు. సౌత్ కరొలైనాలో మాజీ బానిసలతో ఏర్పడిన 3వ దళంలో సార్జెంట్ విలియం వాకర్ వుండేవాడు. 1863 నవంబరులో తన మనుషుల్ని తీసుకుపోయి అధికారి గుడారం ముందు తుపాకులు పెట్టేయించాడు. ఒప్పుకున్న జీతం యివ్వనప్పుడు మేమూ పనిచేయం అన్నాడు. పొలంలో దీన్ని సమ్మె అంటారు. సైన్యంలో తిరుగుబాటు అన్నారు. 1864 ఫిబ్రవరి 29న ఆయన్ని కాల్చి చంపారు. ఆ జూన్‌లోనే, అంటే నాలుగు నెలలు తిరక్కుండానే, సమాన జీతానికి చట్టం వచ్చింది.

ఆయన దస్త్రం తీసి చూసినవారికి ముందుగా కనపడేది తిరుగుబాటు నేరం, మరణశిక్ష. కూలి రేటు కోసం పోరాడి చచ్చినవాడని తెలియాలంటే ఆ సంవత్సరం జీతాల లెక్కలు కూడా పక్కన పెట్టుకు చదవాలి. పాత కాగితాలతో వున్న చిక్కే యిది. అవి అబద్ధం చెప్పకపోవచ్చు. కాని ఎవరు రాశారో వాళ్ల వైపు నుంచి చెబుతాయి.

కంబీ నది మీద ఒక రాత్రి

సౌత్ కరొలైనా తీరప్రాంతంలో కంబాహీ అనే నది వుంది. అక్కడి జనం కంబీ అంటారు. దాని ఒడ్డునంతా వరి ఎస్టేట్లు. సముద్రపు పోటు వచ్చినప్పుడు నదిలోని మంచినీళ్లు ఎగదన్నుకు వస్తాయి. ఆ నీటిని తూముల ద్వారా మడుల్లోకి వదిలి, పాటు సమయంలో తీసేస్తారు. కరకట్టలు పోసింది బానిసలు, కాలువలు తవ్వింది బానిసలు, తూములు కాసింది బానిసలు. పశ్చిమాఫ్రికా తీరంలో వాళ్ల పూర్వులు తరతరాలుగా వరి పండించినవాళ్లే. ఆ విద్య వాళ్లది, రెక్కలు వాళ్లవి, ధాన్యం మాత్రం దొరది. వేసవి వచ్చిందంటే మలేరియాకు జడిసి దొరలు వూళ్లకు పోయేవాళ్లు. దోమలకు, బురదకు మిగిలేది కూలిజనమే.

1863 జూన్ 1 రాత్రి మూడు ఆవిరి పడవలు ఆ నది వైపు బయలుదేరాయి. ఒకటి మధ్యలో మేట వేసుకుని ఆగిపోయింది. మిగతా రెండూ పైకి వచ్చాయి. వాటిలో 2వ సౌత్ కరొలైనా వలంటీర్ల దళంవారు సుమారు 300 మంది. వాళ్లకు దారి చూపించి, నదిలో మందుపాతరలు ఎక్కడున్నాయో ముందే కూపీ తీసి పెట్టింది ఒక స్త్రీ. ఆమె పేరు హారియెట్ టబ్మన్. తానే 1849లో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషి. తెల్లవారేసరికి పొలాల్లో కలుపు తీస్తున్న జనం పారలు అక్కడే పడేసి నది వైపు పరుగులు తీశారు. చంకన బిడ్డ, నెత్తిన మూట, పొయ్యి మీది కుండ కుండగానే పట్టుకొచ్చిన తల్లులు. ధాన్యపు మిల్లులు, దొరల భవంతులు తగలబడ్డాయి. ఆ వొక్క పూటలో 750 మందికి పైగా బానిసలు స్వేచ్ఛ పొందారు. అందులో సుమారు 150 మంది మగవాళ్లు వెంటనే అదే దళంలో సిపాయీలుగా చేరిపోయారు. 1864లో ఆ దళానికి 34వ నల్లజాతి పదాతి దళమని పేరు మార్చారు.

యీ కథ చాలాకాలంగా టబ్మన్ జీవిత చరిత్రలో ఒక అధ్యాయంగానే వుండిపోయింది. ఆ 750 మంది ఎవరు? వాళ్ల పేర్లేమిటి? యీ ప్రశ్న పట్టుకున్నది ఎడ్డా ఫీల్డ్స్-బ్లాక్ అనే చరిత్ర పరిశోధకురాలు. అంతకుముందు ఆమె పశ్చిమాఫ్రికా వరి రైతుల మీద పుస్తకం రాసింది. ఆమె పూర్వీకుడు హెక్టర్ ఫీల్డ్స్ ఆ దాడిలో పాల్గొన్న సిపాయి. సొంత తాత కోసం వెతుకుతూ పోయి, ఒక నది ఒడ్డు జనాన్నంతా పేరుపేరునా పైకి తీసింది. 2024లో వచ్చిన ఆ పుస్తకం పేరు కూడా 'కంబీ'యే. 2025లో దానికి చరిత్ర విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది.

పేర్లు లేని జాబితాలు

బానిసల వంశం వెతకడంలో అసలు కష్టమేమిటో చూడండి. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టీలు వున్నాయి. కాని వాటిలో పేర్లు లేవు. పైన యజమాని పేరు. కింద: మగ, 35. ఆడ, 28. ఆడ, 6. అంతే. మన పల్లెల్లో గొడ్లకైనా పేర్లు పెట్టి పిలుస్తాం. నల్లజాతి వారందరూ పేర్లతో సహా లెక్కకు ఎక్కింది మొదటిసారి 1870లో. అందుకే వెతికేవాళ్లు 1870ని ఒక గోడగా చెప్పుకుంటారు. గోడకు యివతల పేరుంది. అవతల ధర వుంది.

దొర చనిపోతే ఆస్తి పంపకపు కాగితాలు, అమ్మకపు దస్తావేజులు, తాకట్టు పత్రాలు వుంటాయి. వాటిలో బానిసల పేర్లు దొరుకుతాయి గాని ఒంటి పేర్లే. మోజెస్, యింత ధర. వాడి పక్కన ఫీబీ, పసిబిడ్డతో సహా, యింత ధర. ఆ మోజెస్ 1870లో కనపడే మోజెస్‌లలో ఎవడు? ఆ గోడకు తలుపు లాంటిది సైనిక పింఛను దస్త్రం. ఎందుకంటే పింఛను అడిగినవాడు తానెవరో, ఏ దొర కింద పుట్టాడో, తల్లిదండ్రులెవరో, ఎవరిని పెళ్లాడాడో అన్నీ ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చింది. వాడు చెప్పింది చాలదని యిరుగుపొరుగు చేత చెప్పించారు. దొరల కాగితాల్లోని ఒంటి పేర్లను పింఛను దస్త్రాల్లోని నిండు పేర్లతో జతచేయడమే ఫీల్డ్స్-బ్లాక్ చేసిన పని. వినడానికి చిన్నమాట. చేయడానికి ఏళ్లు పట్టింది.

"నువ్వు ఆయన పెళ్లానివేనని రుజువేమిటి?"

పింఛను చట్టం 1862లో వచ్చింది. 1890లో దాన్ని బాగా సడలించారు. అయినా నల్లజాతి సిపాయి విధవకు ఆ పింఛను రావడమంటే మాటలు కాదు. బానిసల పెళ్లికి చట్టంలో చోటు లేదు. దొర అనుమతి యిస్తే కాపురం, దొర అమ్మేస్తే విడాకులు. కాగితం ఎక్కడిది? 1864లో చట్టానికి సవరణ చేసి, కాగితం లేకున్నా ఆలుమగలుగా కాపురం చేశారని సాక్ష్యం వుంటే చాలన్నారు. యిక ఆ సాక్ష్యం చెప్పించడానికి పడిన పాట్లు యిన్నీ అన్నీ కావు.

అనుమానం వచ్చిన అర్జీల మీద ప్రత్యేక పరీక్షకుడు అనే ఉద్యోగి వూరికి వచ్చేవాడు. ఎవరెవరినో పిలిచి వాఙ్మూలాలు తీసుకునేవాడు. నీ వయసెంత? తెలియదు. ఎప్పుడు పుట్టావు? పెద్ద ఫిరంగుల మోత నాటికి పార పట్టేంత పిల్లని. పెద్ద ఫిరంగుల మోత అంటే 1861 నవంబరు 7న పోర్ట్ రాయల్ మీద జరిగిన నౌకాదళ దాడి. అక్కడి జనానికి అదే పంచాంగం. మన ముసలమ్మలు ధాత కరువు నాడు పుట్టాడనీ, రజాకార్ల నాడు పెళ్లయిందనీ, దివిసీమ ఉప్పెన యేడు పోయాడనీ చెప్పినట్టే. ఆఫీసు గుమాస్తాకు తారీఖు కావాలి. శ్రమజీవి దగ్గర వుండేది జ్ఞాపకం. యీ రెంటికీ పొత్తు కుదరక ఎన్ని అర్జీలు మూలపడ్డాయో!

పేరుతో వచ్చిన తంటా మరొకటి. సైన్యంలో చేరినప్పుడు గుమాస్తా నీ ఇంటిపేరేమిటి అంటాడు. వాళ్లకు తెలిసిన ఇంటిపేరు దొరదే. అదే రాసేస్తాడు. యుద్ధం అయిపోయాక, యిక దొర పేరు మాకెందుకని తండ్రి పేరో, తమకు నచ్చిన పేరో పెట్టుకున్నారు. యిరవై ఏళ్ల తర్వాత పింఛను అడిగితే, ఆ పేరుగల సిపాయి మా జాబితాలో లేడన్నారు.

యిది ఎవరికో కాదు, టబ్మన్‌కే జరిగింది. ఆమె భర్త నెల్సన్ డేవిస్ 8వ నల్లజాతి దళంలో సిపాయి. కాని సైన్యం పట్టీలో ఆయన పేరు నెల్సన్ చార్లెస్. ఆయన 1888లో చనిపోయాడు. ఆ యిద్దరూ ఒకే మనిషని, తాను ఆయన భార్యనేనని రుజువు చేసుకుని, నెలకు 8 డాలర్ల విధవ పింఛను పుచ్చుకోవడానికి ఆమెకు 1895 దాకా పట్టింది. తాను స్వయంగా చేసిన గూఢచారి పనికి 1,800 డాలర్లు రావాలని ఆమె పెట్టుకున్న కోరిక చెల్లలేదు. 1899లో పింఛను 20 డాలర్లకు పెంచారు. అదికూడా నర్సుగా పనిచేసినందుకని రాశారు. శత్రువు ఇలాకాలోకి పడవలు నడిపించిన స్త్రీని నర్సుగా అయితే ఒప్పుకున్నారన్నమాట! ఆమె 1913లో చనిపోయింది. 2024 నవంబరులో మేరీలాండ్ రాష్ట్రం ఆమెకు మరణానంతరం జనరల్ హోదా యిచ్చింది. కడుపు కాలిన నాడు లేని విస్తరి, నూరేళ్ల తర్వాత పరిచారు.

టబ్మన్ అంతటి మనిషికే యింత జరిగితే మామూలు కూలిమనిషి మాటేమిటి? చరిత్రకారుడు డొనాల్డ్ షాఫర్ పింఛను దస్త్రాల నమూనా తీసి లెక్కగట్టాడు. తెల్ల సిపాయీల్లో దాదాపు 92 శాతానికి ఏదో ఒకసారి పింఛను మంజూరయింది. నల్ల సిపాయీల్లో 75 శాతానికే. విధవల్లో యీ తేడా యింకా ఎక్కువ. చట్టంలో రంగు ప్రసక్తి లేదు. చట్టం అడిగే కాగితాల్లో వుంది.

అయితే విచిత్రం చూడండి. అర్జీ సులువుగా మంజూరైన చోట దస్త్రం నాలుగు కాగితాలతో ముగిసింది. అనుమానించి, సతాయించి, పదిమంది చేత ప్రమాణాలు చేయించిన చోట దస్త్రం లావెక్కింది. ఆనాడు ఆ ముసలమ్మను ఏడిపించిన ప్రశ్నలే యీనాడు ఆమె మునిమనుమరాలికి వంశవృక్షం అయ్యాయి.

ఎక్కడ మొదలుపెడతారు?

వెతికేవాళ్లు ముందుగా యింట్లోనే మొదలుపెడతారు. కుటుంబపు బైబిలులో రాసుకున్న పుట్టుకలు, చావులు. శ్మశానంలో ప్రభుత్వం వేయించిన రాయి. దాని మీద దళం సంఖ్య చెక్కి వుంటుంది. దళం తెలిస్తే సగం పని అయినట్టే.

తర్వాత జనాభా లెక్కలు. 1910 లెక్కల్లో అంతర్యుద్ధంలో పనిచేశారా, ఏ పక్షాన, సైన్యమా నౌకాదళమా అని ఒక గడి వుంది. 1890లో బతికున్న ప్రభుత్వ సిపాయీలకు, సిపాయీల విధవలకు వేరే పట్టీ రాశారు. ఆ యేటి అసలు జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదం వల్ల చాలామటుకు నాశనమయ్యాయి. సిపాయీల పట్టీల్లో మాత్రం అక్షరక్రమంలో కెంటకీలో సగం నుంచి చివరిదాకా వున్న రాష్ట్రాలవి మిగిలాయి. సౌత్ కరొలైనాది అందులో వుంది.

ఆ మీదట సైనిక సేవా దస్త్రం. ఎక్కడ చేరాడు, ఎప్పుడు చేరాడు, ఎత్తెంత, పుట్టిందెక్కడ, ఏ పని చేసేవాడు, రెండేసి నెలల హాజరు పట్టీలో వున్నాడా లేడా, ఆసుపత్రిలో వున్నాడా అన్నీ చీటీల మీద వుంటాయి. సరిహద్దు రాష్ట్రాల్లో కొందరి దస్త్రాల్లో మరో కాగితం కూడా దొరుకుతుంది. ప్రభుత్వానికి విధేయుడైన యజమాని తన బానిస సైన్యంలో చేరినందుకు 300 డాలర్ల దాకా పరిహారం అడగవచ్చు. అలా అడిగినవాడు యీ మనిషి నా సొత్తేనని రుజువులు జతచేసేవాడు. దేశం కోసం తుపాకి పట్టినవాడి దస్త్రంలోనే వాణ్ని కొన్న రసీదు! నల్లజాతి దళాల సేవా దస్త్రాలు యిప్పుడు కంప్యూటరులో చూడవచ్చు. పింఛను దస్త్రాలకు సూచిక చీటీలు దొరుకుతాయి గాని, దస్త్రాల్లో ఎక్కువ భాగం యింకా కాగితాల కట్టలే. డబ్బు కట్టి నకలు తెప్పించుకోవాలి, లేదా వాషింగ్టన్ వెళ్లి కూర్చోవాలి.

యింకా రెండున్నాయి. విముక్తి పొందినవారి కోసం 1865లో పెట్టిన ప్రభుత్వ శాఖ కాగితాలు ఒకటి. కూలి ఒప్పందాలు, పెళ్లి నమోదులు, ఫిర్యాదులు అందులో వున్నాయి. వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని 2016 నాటికి వాటికి పేర్ల సూచిక తయారుచేశారు. రెండోది అదే సంవత్సరం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు. సిపాయీలు తమ జీతం రాళ్లు అందులో దాచుకున్నారు. పైవాళ్ల నిర్వాకంతో 1874లో అది దివాలా తీసింది. అప్పటికి ఖాతాదారులు సుమారు 61,000 మంది. సొమ్ము పోయింది గాని, ఖాతా తెరిచేటప్పుడు రాయించుకున్న తల్లి, తండ్రి, తోబుట్టువులు, పాత దొర, దళం వివరాలు మిగిలాయి. పేదవాడి డబ్బు మునిగి పుస్తకం మాత్రం తేలింది!

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఓడిన బానిస యజమానుల పక్షంవారి పింఛన్లు వాషింగ్టన్‌లో వుండవు. ఆ పింఛన్లను దక్షిణాది రాష్ట్రాలే యిచ్చాయి. ఆ రాష్ట్రాల దస్త్రాల్లో కొందరు నల్లవారి పేర్లు కూడా కనపడతాయి. అవి చూపించి, బానిసలు కూడా యజమానుల పక్షాన పోరాడారని ప్రచారం చేసేవాళ్లున్నారు. కాగితం పూర్తిగా చదివితే ఆ మనిషి దొర వెంట వెళ్లి వంట చేశాడనో, గుర్రాన్ని చూశాడనో, గుంటలు తవ్వాడనో వుంటుంది. నల్లవారిని సిపాయీలుగా తీసుకోవడానికి ఆ పక్షపు శాసనసభ ఒప్పుకున్నది 1865 మార్చిలో. ఏప్రిల్లో వాళ్ల ప్రధాన సైన్యం లొంగిపోయింది. వెట్టిని స్వచ్ఛంద సేవ అని రాసుకోవడం దొరలకు కొత్త కాదు.

నలభై ఎకరాల మాట

సరే, సిపాయి తాత దొరికాడు. తుపాకి పట్టిన తాతకు భూమి ఏమయింది?

1865 జనవరి 12న సవానా పట్టణంలో జనరల్ షెర్మన్ 20 మంది నల్లజాతి మతపెద్దలతో మాట్లాడాడు. మీకేం కావాలని అడిగితే, వాళ్ల తరఫున గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ల పెద్దమనిషి భూమి కావాలన్నాడు. దున్నుకుని మా బతుకు మేము బతుకుతామన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. చార్లెస్టన్ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు తీరం వెంట కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా భూమి. సుమారు 4,00,000 ఎకరాల్లో 40,000 మంది దాకా స్థిరపడ్డారు. నాట్లు పెట్టారు, యిళ్లు వేసుకున్నారు, బడులు పెట్టుకున్నారు.

ఏప్రిల్లో లింకన్ హత్య జరిగింది. గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ దొరలకు క్షమాభిక్షలు పెట్టి భూములు తిరిగి యిచ్చేయమన్నాడు. ఆ అక్టోబరులో ఎడిస్టో ద్వీపంలో జనరల్ హోవర్డ్ చర్చిలో జనాన్ని సమావేశపరచి యీ మాట చెప్పాల్సి వచ్చింది. జనం ఒప్పుకోలేదు. ముగ్గురు సభ్యుల కమిటీ వేసుకుని అధ్యక్షుడికే అర్జీ రాశారు. యీ భూమిని పండించింది మేము, యుద్ధంలో మీ పక్షాన నిలిచింది మేము, మీ మీద తిరగబడిన వాళ్లకు తిరిగి కట్టబెడతారా అనేది దాని సారాంశం. విన్నవాడెవడు? సైన్యం వచ్చి ఖాళీ చేయించింది. యుద్ధకాలంలో పన్ను బకాయిల వేలంలో పోర్ట్ రాయల్ పరిసరాల్లో చిన్న కమతాలు కొనుక్కున్న వారికి మాత్రం కొంత భూమి నిలిచింది. తక్కినవారు పాత దొర దగ్గరే సగం కోరుకు సేద్యం చేశారు. విత్తనం అప్పు, తిండి అప్పు, పంట రాగానే షావుకారు లెక్క. మన పల్లెలకు యీ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

అయినా వాళ్లు ఊరుకోలేదు. 1876లో అదే కంబీ ఒడ్డున వరి కూలీలు సమ్మె కట్టారు. దొరలు కూలికి డబ్బు యివ్వకుండా తమ దుకాణంలోనే చెల్లే చీటీలు యిచ్చేవాళ్లు. చీటీలొద్దు, నగదు కావాలి, కూలి పెంచాలి అన్నారు. యుద్ధకాలంలో శత్రువుల ఓడనే నడుపుకుంటూ తప్పించుకొచ్చిన మాజీ బానిస రాబర్ట్ స్మాల్స్ అప్పటికి కాంగ్రెసు సభ్యుడు. ఆయన వెళ్లి రెండు పక్షాల మధ్య మాట్లాడి రక్తపాతం లేకుండా చూశాడు. పదమూడేళ్ల క్రితం పారలు పడేసి పడవలెక్కిన ఒడ్డు అది.

1893 ఆగస్టులో వచ్చిన తుపాను ఆ తీరంలో సుమారు 2,000 మందిని పొట్టన పెట్టుకుంది. యిళ్లు కొట్టుకుపోయినప్పుడు పెట్టెల్లోని కాగితాలు కూడా పోతాయి. వాషింగ్టన్ కట్టల్లో మిగిలిన వాఙ్మూలాలే చాలామందికి యిక ఆధారం.

మనకూ దానికీ

ఆ యుద్ధం మనకు దూరమేమీ కాదు. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మన దేశపు పత్తి మీద పడ్డాయి. 1861 నుంచి 1865 దాకా ధరలు ఆకాశాన్నంటాయి. బళ్లారి ప్రాంతంలోనూ పత్తి సాగు పెరిగింది, కాకినాడ రేవు నుంచీ పత్తి పోయింది. యుద్ధం ఆగగానే ధర కుప్పకూలింది. బొంబాయిలో వర్తకులు దివాలా తీశారు. దక్కన్‌లో అప్పుల పాలైన రైతులు 1875లో పూనా, అహమ్మదునగరం జిల్లాల్లో షావుకార్ల పత్రాలు తగలబెట్టారు. అక్కడ బానిసకు స్వేచ్ఛనిచ్చిన యుద్ధం యిక్కడి రైతుకు ముందు ఆశను, తర్వాత అప్పును మిగిల్చింది. పత్తి అందక పస్తులున్న మాంచెస్టరు కార్మికులు మాత్రం బానిసత్వం పోవాల్సిందేనని 1862 చివర లింకన్‌కు రాశారు. 1864లో మొదటి ఇంటర్నేషనల్ తరఫున లింకన్‌కు పంపిన అభినందన లేఖ రాసింది కారల్ మార్క్స్.

యిప్పుడు వాషింగ్టన్‌లో ఆ నల్లజాతి దళాలకు 1998లో కట్టిన స్మారకం వుంది. గోడల మీద 2,09,145 పేర్లు చెక్కారు. ఆ వూళ్ల చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో వున్నాయి. తీరిక చేసుకుని పిల్లల్ని తీసుకెళ్లి ఒక పేరు చదివించమని మా మనవి.

ఆ పేర్లు చదువుతుంటే మన వూళ్లు గుర్తుకు వస్తాయి. రెండు ప్రపంచ యుద్ధాలకు మద్రాసు పటాలాల్లో వెళ్లి, ఒక డిశ్చార్జి కాగితం, ఒక పతకం తెచ్చుకున్న తాతలున్నారు. మిలటరీ మాధవరం లాంటి వూరికి వూరే వుంది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో దొరల మీద, నిజాం మీద తుపాకి పట్టిన దళాలున్నాయి. ఆ దళాలకు హాజరు పట్టీలు లేవు. రహస్యంగా తిరిగినవాళ్లకు మారుపేర్లే వున్నాయి. వాళ్లూ నెల్సన్ చార్లెస్‌లే. వూరి మధ్య స్తూపం మీద కొన్ని పేర్లుంటాయి. తక్కినవి పోలీసు కాగితాల్లో నిందితులుగా వున్నాయి. అన్నం పెట్టి, కబురు మోసి, దెబ్బలు తిన్న ఆడవాళ్ల పేర్లు చాలామటుకు ఏ కాగితంలోనూ లేవు.

కంబీ తీరపు ముసలమ్మల మాటలు మిగలడానికి కారణం ఎవరో దయదలచి రాసిపెట్టడం కాదు. నెలకు 8 డాలర్ల కోసం వాళ్లు పట్టువిడవకుండా కచేరీ మెట్లు ఎక్కారు. అడిగిన ప్రతిసారీ తమ కథ చెప్పారు. మా మగడి పేరు యిది, మేము ఫలానా దొర పొలంలో పుట్టాం, ఫలానా రాత్రి పడవెక్కాం అన్నారు. సంతకం రానివాళ్లు గీత గీశారు.

మన యిళ్లల్లో ఆ కాలం ఎరిగిన పెద్దలు యింకా ఎవరైనా వుంటే, యీ పంట పనులు తెమలగానే ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ల పక్కన కూర్చోండి. ఏ వూరు, ఎవరి పొలం, ఎవరెవరు కలిసి వెళ్లారు, ఎవరు తిరిగి రాలేదు అని అడగండి. తారీఖు చెప్పలేకపోతే ఏ కరువు, ఏ ఉప్పెన, ఏ పంట అని అడగండి. పాత పహాణీ, అడంగలు, డిశ్చార్జి కాగితం ఏది వున్నా పడేయక దాచండి. మారుపేరుంటే అసలు పేరు పక్కనే రాయండి. రేపు మీ మనుమరాలు మా తాత ఎవరని అడిగినప్పుడు, ఆ పిల్లకు దొరికేది పోలీసు ఫైలు వొక్కటే కాకూడదు.